ఒకటిన్నర వోల్టు

మన ఇళ్ళల్లో ఇప్పుడు కరెంటుకు కొదవ లేదు. గోడలో 230 వోల్టులు, స్కూటరు సీటు కింద 12, ప్రతివాళ్ళ జేబులోనూ వుండే ఫోనుకు 5. కాని ఒకటిన్నర వోల్టు, అదీ కాస్త సత్తువున్న ఒకటిన్నర వోల్టు కావాలని ఒక్కసారి బజారుకు బయల్దేరి చూడండి. కిందటి వేసవిలో నేనూ మా అబ్బాయీ అలాగే బయల్దేరాం. బందరు కోనేరు సెంటరులో మొదలైన ఆ వెతుకులాట గుడివాడ మీదుగా దివిసీమ చేరేసరికి నాలుగు రోజులు పట్టింది.

"గోడగడియారంలో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టే గదండీ! దానికింత రభసెందుకు?" అన్నారు మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆవిడ. రభస ఎందుకో తెలియాలంటే ముందు బండి సంగతి చెప్పాలి.

అది బొమ్మకారే గాని, చంటిపిల్లలు దారం కట్టి ఈడ్చుకుపోయే బాపతు కాదు. మూరెడు పొడుగు, కిలో బరువు. లోపల రెండున్నర సి.సి. ఇంజను, నిజమైనదే. స్టీరింగు లేదు, బ్రేకు లేదు. నడుమ ఒక ఇనప గుంజ నిలబెట్టి, దానికి ఉక్కుతీగతో బండిని కట్టి వదిలితే గుంజచుట్టూ తిరుగుతుంది. గానుగెద్దు తిరిగినట్టే ననుకోండి. కాకపోతే ఈ ఎద్దు గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అయిదు మీటర్ల తీగకు కట్టిన కిలో బండి ఆ వేగంతో పోతుంటే, తీగకు దాదాపు ఎనిమిది కిలోల బరువు వేలాడగట్టినంత లాగుడు వుంటుంది.

ఈ ఆట 1930ల చివరలో అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియా ప్రాంతంలో వూపందుకుంది. యుద్ధం ముగిశాక ఐరోపాలో బాగా వ్యాపించింది. అక్కడ ఇప్పటికీ పోటీలు జరుగుతున్నాయి. ఒక చుట్టుకు 62.5 మీటర్లు. ఎనిమిది చుట్లు తిరిగితే సరిగ్గా అర కిలోమీటరు. అన్నిటికన్నా పెద్దవైన 10 సి.సి. బండ్లు గంటకు 340 కిలోమీటర్లు దాటి పరుగెత్తుతాయి. మూడు కిలోల బండి ఆ వేగంతో తిరిగితే తీగమీద పావు టన్నుకు పైగా భారం పడుతుంది. చూసేవాళ్ళకూ బండికీ మధ్య గట్టి కంచె ఎందుకు కడతారో వేరే చెప్పక్కర్లేదు.

మా మేనమామ ఓడల్లో, ఇంజనుగదిలో పనిచేసేవాడు. 1976లో ఆయన ఓడ మరమ్మతుకోసం ఐరోపాలో ఒక రేవులో నిలిచిపోయింది. ఆ ఊళ్ళో ఆదివారం పోటీలు చూశాడట. చూసి ఊరుకోక, చేతిలో వున్న డబ్బంతా తగలేసి, ఎవరో తిప్పి తిప్పి వదిలేసిన పాతబండి కొనుక్కొచ్చాడు. మరుసటి సంవత్సరం నవంబరు 19న దివిసీమకు ఉప్పెన వచ్చింది. అత్తయ్య పుట్టిల్లు నాగాయలంక దగ్గర. కబురందుకుని వచ్చిన మామయ్య మళ్ళీ ఓడ ఎక్కలేదు. గుడివాడలో రైసుమిల్లుల ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకుని అక్కడే వుండిపోయాడు. ఆ ఉప్పెన గురించి ఆయన గాని, అత్తయ్య గాని మా పిల్లల ముందు ఒక్కమాట మాట్లాడగా నేను వినలేదు.

ఎండాకాలం సెలవుల్లో, మిల్లువాళ్ళు ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం ఖాళీగా వున్న రోజు చూసి, బండి బయటికి తీసేవాడు మామయ్య. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మమ్మల్ని గోడ అవతల స్టూళ్ళమీద నిలబెట్టేవారు. షెడ్డు కుర్రాడు గుంజ దగ్గర తీగ ఎత్తిపట్టుకుని, బండి వేగం పుంజుకోగానే వదిలేసేవాడు. మామయ్య వెదురుకర్రతో బండిని వెనకనుంచి తోసేవాడు. మరి ఆపడం? దానికి అత్తయ్య వుంది. బండినెత్తిన కొమ్ములాగా ఒక చిన్న మీట పైకి పొడుచుకుని వుండేది. అత్తయ్య కొంగు బిగించుకుని, దారి పక్కన నిలబడి, పొడుగాటి ఈనెలచీపురు దించితే ఈనెలు తగిలి మీట వెనక్కి పడేది, చమురు ఆగిపోయేది. కందిరీగల తుట్టె మొత్తం లేచినట్టు ఆ చప్పుడూ, దాని వెంట ఆముదం కాలిన కమ్మటి వాసనా. ఆముదం తాగించబోతే ఇల్లంతా పరుగెత్తే పిల్లలం, ఆ వాసనకు మాత్రం ముక్కులెగరేసి నిలబడేవాళ్ళం.

ఆముదం ఎందుకంటారా? ఆ ఇంజనుకు పెట్రోలు పనికిరాదు. నాలుగు పాళ్ళు మిథైల్ ఆల్కహాలు, ఒక పాలు ఆముదం. ఆల్కహాలు మండుతుంది, ఆముదం కందెన. చెట్టులేని చోట మహావృక్షమనిపించుకునే ఆముదం ఇక్కడ చెట్లున్నా తన పెద్దరికం నిలబెట్టుకుందన్నమాట. కాని ఈ మిథైల్ ఆల్కహాలు మహా చెడ్డది. కడుపులోకి పోతే కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. అంటుకుంటే పట్టపగలు దాని మంట కంటికి కనపడదు. మామయ్య దాన్ని తాళం వేసి వుంచేవాడు. మేమూ అంతే చేశాం.

ఇక అసలు సంగతి. ఇంజనులో నిప్పు ఎట్లా పుడుతుంది? మోటారుసైకిలు ఇంజనులో నిప్పురవ్వ ఎగురుతుంది. లారీ ఇంజనులో గాలిని గట్టిగా అదిమితే పుట్టిన వేడికే చమురు మండుతుంది. ఈ బుల్లి ఇంజనుది మూడో దారి. దాని నెత్తిన చిటికెనవేలి గోరంత ప్లగ్గు, అందులో వెంట్రుకలాంటి ప్లాటినం తీగచుట్ట. దీన్ని గ్లో ప్లగ్గంటారు. బ్యాటరీ తగిలిస్తే ఆ తీగ నిప్పుకణికలాగా వెలుగుతుంది. ఇంజను అందుకుందా, బ్యాటరీ తీసెయ్యవచ్చు. తీగ ఆరదు! ఒకటి, లోపలి మంటల వేడి దాన్ని చల్లారనివ్వదు. రెండు, ప్లాటినానికి ఒక గుణం వుంది. మిథైల్ ఆల్కహాలు ఆవిరి, గాలీ కలిసి వేడి ప్లాటినాన్ని తాకితే, దాని ఉపరితలం మీదే కలిసిపోయి వేడి పుట్టిస్తాయి. ప్లాటినం మాత్రం తరగదు. వేడెక్కిన ప్లాటినం తీగ ఇలాంటి ఆవిరుల మధ్య మంట లేకుండానే వెలుగుతూ వుంటుందని హంఫ్రీ డేవీ 1817లోనే చూపించాడు. దాన్ని బొమ్మ ఇంజన్లకు పనికొచ్చే ప్లగ్గుగా చేసి 1947లో అమెరికాలో అమ్మకానికి పెట్టినవాడు రే ఆర్డెన్. అంతకుముందు పాపం, ఆ చిన్న బండ్లు బ్యాటరీ, కాయిలు, కండెన్సరు అన్నీ వీపున మోసుకుని తిరిగేవి.

వెలిగించడానికి కావలసింది దాదాపు ఒకటిన్నర వోల్టు. కాని ఆ తీగ మూడు ఆంపియర్ల దాకా తాగుతుంది. గడియారం సెల్లుకు అంత ఇచ్చే శక్తి లేదు. దాని వోల్టులో ఎక్కువ భాగం దాని కడుపులోనే ఖర్చయిపోతుంది. టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు పెట్టి చూస్తే ప్లగ్గు ఆరిపోబోయే కుంపట్లో బొగ్గులాగా ఎర్రగా మినుకుమంది. అది చాలదు, నారింజరంగు తేలాలి. పోనీ అని వోల్టులు పెంచామా, తీగ తెగి వూరుకుంటుంది. మా వీధి చివర స్కూటరు మెకానిక్కు "ఇంత ఆలోచనెందుకు మేడంగారూ, ఈ బ్యాటరీకి తగిలించి చూద్దాం" అంటూ 12 వోల్టుల తీగెలు రెండూ చేతపట్టుకుని వచ్చాడు. మావాడు ప్లగ్గు లాక్కుని జేబులో వేసుకున్నాడు.

ఎందుకంటే అది ఒక్కటే మిగిలింది. మామయ్య 2012లో పోయాడు. షెడ్డు అంతకుముందే మూసేశారు. అత్తయ్య అవనిగడ్డలో సొంత ఇంట్లో వుంటున్నది. బావ అమెరికానుంచి వచ్చి, ఇల్లు బేరం పెట్టి, అత్తయ్యను తనతో తీసుకుపోవడానికి టిక్కెట్లు కొన్నాడు. ఆదివారంనాడు మేము చూడబోతే, ఆవిడ అటకమీదినుంచి రేకుపెట్టె దింపించింది. బండి, వెదురుకర్ర, అడుగున చిల్లులుపడ్డ ఒక గుడ్డసంచీ, పొగాకు డబ్బాలో మూడు ప్లగ్గులు. మావాడికి అప్పుడే కళ్ళు మెరిసిపోతున్నాయి.

"శుక్రవారం నా ప్రయాణం. ఈలోగా ఒక్కసారి దాన్ని నా ముందు తిప్పి తీసుకుపొండి" అంది అత్తయ్య.

"తిరక్కపోతే, అమ్మమ్మా?" అన్నాడు మావాడు.

"తిరక్కపోతే మీకెందుకురా? పాత సామాన్లవాడు కేజీల్లెక్కన తీసుకుంటాడు."

ఆవిడ నవ్వుతూనే అంది గాని, అది నవ్వులాటకు అన్న మాట కాదని నాకు తెలుసు. మూడు ప్లగ్గుల్లో రెండింటి తీగలు తెగిపోయి వున్నాయి. కొత్తవి కావాలంటే దొరక్క పోవు. పోస్టులో వచ్చేసరికి శుక్రవారం దాటిపోతుంది.

మా కాలేజీలో చదువుకున్న కుర్రాడొకడు ఎన్.సి.సి. వైమానిక విభాగంలో మోడల్ విమానాలు ఎగరేసినవాడు. విమానాలైనా అవే ఇంజన్లు, అదే చమురు. కబురు చేస్తే సోమవారం సాయంత్రానికి కలిపిన చమురు అర లీటరూ, తన దగ్గర వున్న ప్లగ్గు వెలిగించే సాధనమూ పట్టుకొచ్చాడు. అందులో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే సెల్లు ఒకటి. ఒకటింబావుకు కూడా కాస్త తక్కువే, 1.2 వోల్టులు. అయినా దాని ధాటి వేరు. ప్లగ్గుకు తగిలించగానే చక్కటి నారింజరంగు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం.

అనుకున్నంతసేపు పట్టలేదు. విమానానికైతే ప్లగ్గు పైకి కనిపిస్తుంటుంది. సాధనం తగిలించి, ఫ్యాను తిప్పి, ఇంజను అందుకున్నాక తీసేస్తారు. ఈ బండిలో ప్లగ్గు రేకుతొడుగు కింద దాగి వుంటుంది. పైగా ఇంజను చక్రాలకు నేరుగా బిగించి వుంటుంది, మధ్యలో క్లచ్చి లేదు. బండి కదిలితేనే ఇంజను తిరుగుతుంది. అంటే బండిని తోస్తూ పరుగెత్తుతున్నంతసేపూ ప్లగ్గు వెలుగుతుండాలి, అందుకోగానే తెగిపోవాలి. అందుకే కరెంటు తోపుడుకర్రలోంచే వస్తుంది. మామయ్య వెదురుబొంగు లోపలినుంచి రెండు రాగితీగెలు లాగి, కొసన రెండు ఇత్తడి నాలుకలు పెట్టాడు. కర్ర బండి వెనక ఆనితే నాలుకలు తగిలి ప్లగ్గు వెలుగుతుంది. బండి ముందుకురికి కర్రను వదిలించుకుందా, కరెంటూ అక్కడితో సరి.

ఆ కుర్రాడి సెల్లు కర్ర వెనక మరలకు తగిలించి చూశాం. మళ్ళీ కుంపట్లో బొగ్గే! నేరుగా ఇస్తే నారింజ, కర్రలోంచి ఇస్తే మసక ఎరుపు. ఇత్తడి నాలుకలు చింతపండుతో తోమాం. మరలు విప్పి గీకాం. లాభం లేదు. మంగళవారమంతా ఇట్లాగే గడిచింది. చివరికి మావాడు కర్ర పిడికి చుట్టిన నూలుదారం విప్పి చూస్తే, దాని కింద వరసగా, ఒకదాని పక్కన ఒకటి, లక్కపూత పూసిన సన్నటి రాగితీగ చుట్లు. కొలిస్తే అయిదు మీటర్లు వుంటుంది. బెత్తెడు తీగ చాలే చోట అయిదు మీటర్లు!

"దోషం ఇదే. కోసేసి సూటిగా కలిపేద్దాం" అని మావాడు కత్తెర తీశాడు.

నాకు కరెంటు తెలియదు. నేను చెప్పుకునేది ప్రబంధాలూ, వ్యాకరణమూ. కాని మా మామయ్య తెలుసు. అక్కర్లేని మేకు ఒక్కటి కొట్టని మనిషి ఊరికే అయిదు మీటర్ల తీగ చుట్టి, దానిమీద అంత ఓపిగ్గా దారం అల్లుతాడా? "రేపు గుడివాడ వెళ్దాం, అప్పటిదాకా ఆగు" అన్నాను.

గుడివాడలో మామయ్య షెడ్డు వుండే సందులో బ్యాటరీలు బాగుచేసే పెద్దాయన ఇంకా వున్నారు. కొట్టు కొడుకులు చూసుకుంటున్నారు. ఆయన మూలన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. నన్ను ఆనవాలు పట్టలేదు గాని, కర్రను మాత్రం చూడగానే గుర్తుపట్టారు.

"ఇది మీ మామయ్య కర్రే. కోశారా ఏంటి?"

"లేదు బాబాయిగారూ. కోద్దామనే మావాడు."

ఆయన మావాణ్ణి దగ్గరికి పిలిచారు. "ఇటు చూడు మనవడా. వోల్టంటే కాలవలో నీటిమట్టం. ఆంపియరంటే పారుదల. మన కృష్ణ కాలవకు వాలెంత వుంటదీ? గట్టుమీద నిలబడి చూస్తే నీళ్ళు కదులుతున్నట్టే వుండదు. అయినా వేల ఎకరాలు తడిపేస్తది. నీ ప్లగ్గు అలాంటి చేను. దానికి మట్టం ఎక్కువ అక్కర్లేదు, పారుదల కావాలి. మట్టం పెంచావో, గట్టు తెగి చేను కొట్టుకుపోద్ది."

"మరి ఈ తీగ, తాతయ్యగారూ?"

"అది సన్న బోదె. నీళ్ళు సన్న బోదెలో దూరం పోతే శివారుకు చేరేసరికి మట్టం తగ్గిపోద్ది. దివిసీమోళ్ళ నడుగు, కథలు కథలుగా చెప్తారు. వాళ్ళకది కష్టం. మీ తాత దాన్నే పనికి పెట్టుకున్నాడు. ఆయన వాడింది నా దగ్గరి సీసం సెల్లు. అది రెండు వోల్టులు. ప్లగ్గుకు ఒకటిన్నర చాలు. మిగిలిన అర వోల్టూ ఈ అయిదు మీటర్లలో ఖర్చు రాశాడు."

అప్పుడర్థమైంది ఆ గుడ్డసంచీ ఏమిటో, దాని అడుగున చిల్లులు ఎందుకు పడ్డాయో. బ్యాటరీ ఆసిడు! మామయ్య సెల్లు సంచీలో పెట్టి భుజాన వేలాడేసుకుని బండి తోసేవాడు. కుర్రాడిచ్చిన 1.2 వోల్టుల సెల్లుకు ఆ తీగ దాటేసరికి ఒక వోల్టు కూడా మిగలడం లేదు.

"తీగ కోసేస్తే మీ కొత్త సెల్లుతో పనవుతుంది. అబద్ధం చెప్పను. కొయ్యకపోతే రెండు వోల్టుల సెల్లు కావాలి. మీ ఇష్టం" అన్నారాయన.

మావాడు నావైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. వాడే కత్తెర సంచీలో పెట్టేశాడు.

పాతకాలపు లారీ బ్యాటరీ సెల్లొకటి కొట్టు వెనకనుంచి తీయించి, ఆసిడు పోయించి, రాత్రంతా ఛార్జి పెట్టించారు పెద్దాయన. గురువారం పొద్దున్నే వెళ్ళి తెచ్చుకున్నాం. డబ్బు తీసుకోలేదు. "తిరిగితే ఒక ఫోను కొట్టండి" అన్నారంతే. సెల్లును ప్లాస్టిక్కు బకెట్లో నిలబెట్టి, బకెట్టును మావాడి కాళ్ళమధ్య పెట్టి, కారులో పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా బయల్దేరాం. పులిగడ్డ దగ్గర కృష్ణపాయను దాటాం. అక్కడ ఆక్విడక్టు మీద కాలవ నీరు నదిమీదుగా దివిసీమలోకి పోతుంది. మావాడు కిటికీలోంచి తలపెట్టి చూశాడు. వేసవి కదా, కాలవలో నీళ్ళు లేవు.

అవనిగడ్డలో అత్తయ్య ఇంటి వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం వున్నది. లారీ రిమ్ములో సిమెంటు పోసి నిలబెట్టిన మామయ్య ఇనప గుంజకు ఆవిడ ఇన్నాళ్ళూ దండెం కట్టుకున్నది. దండెం విప్పేశాం. ఇంజను బిగుసుకుపోయి వుంది. ఆముదం ఏళ్ళతరబడి వుంటే వార్నీషులాగా గట్టిపడుతుంది. "ఎండలో పెట్టండి, మీ మామయ్య అదే చేసేవాడు" అంది అత్తయ్య. మే నెల దివిసీమ ఎండ. రెండు గంటల్లో ఇంజను లొంగింది.

ఎన్.సి.సి. కుర్రాడు గుంజ దగ్గర నిలబడ్డాడు. చుట్టుపక్కల పిల్లలందర్నీ గోడ అవతలికి తోలి నేను కాపలా నిలబడ్డాను. బావ ఫోను పట్టుకుని నా పక్కనే. మావాడు సంచీ భుజాన వేసుకుని కర్ర ఆనించి తోశాడు. బండి ఊరికే దొర్లింది. చమురెక్కువై తీగ తడిసిపోయిందన్నాడు కుర్రాడు. ప్లగ్గు విప్పి, ఆరబెట్టి, మళ్ళీ బిగించారు. రెండోసారీ అంతే. ప్లగ్గును విప్పిన కొద్దీ నా గుండె దడదడలాడుతున్నది. ఉన్నది ఒక్కటే గదా. మూడోసారి నాలుగడుగులు వేశాడో లేదో, దగ్గినట్టు రెండు చప్పుళ్ళు. ఆ తరవాత బండి కర్రను వదిలి ఉరికింది.

అదే చప్పుడు. అదే ఆముదం వాసన. కుర్రాడు తీగ వదిలి గుంజకు ఆనుకున్నాడు. మావాడు చేతిలో కర్రతో, భుజాన సంచీతో ఎక్కడ నిలబడ్డవాడు అక్కడే, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కరెంటిచ్చే కర్ర వాడి దగ్గర వుండిపోయింది, బండి వెళ్ళిపోయింది. అయినా ఆ వెంట్రుకంత తీగ లోపల వెలుగుతూనే వున్నది.

అత్తయ్య తన చోట తాను నిలబడి వుంది. కొంగు బిగించి, ఈనెలచీపురు రెండు చేతులా ఎత్తిపట్టుకుని. ఇరవై చుట్లయ్యాయి, ముప్ఫై అయ్యాయి. "అమ్మమ్మా, చీపురు! చీపురు!" అని అరుస్తున్నాడు మావాడు. బావ ఫోను దించేశాడు.

ఆవిడ చీపురు దించలేదు. చమురు అయిపోయేదాకా బండి తిరిగింది. చప్పుడు ఒక్కసారి సన్నగా కీచుమని, ఆగింది. తరవాత చక్రాల గరగర మాత్రమే వినపడుతూ ఇంకో మూడు చుట్లు. మావాడు పరుగెత్తి బండి దగ్గర గొంతుక్కూచున్నాడు.

"ఇప్పుడే ముట్టుకోకురా, కాలుతుంది" అని, అత్తయ్య చీపురు గోడకానించి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను గుడివాడకు ఫోను చేశాను.